గోడ మీద సున్నపు బొట్లు

మా వార్డులో అందరం భయపడింది రోగికి పుండు పడుతుందని కాదు, కాగితంలో గడి ఖాళీగా ఉంటుందని. పుండు పడితే మందు ఉంది, కట్టు ఉంది. ఖాళీ గడికి మాత్రం మేనేజరు ఎర్ర పెన్నుతో సున్నా చుట్టేవాడు. నెలాఖరుకు ఎవరి పేరు కింద సున్నాలు ఎక్కువ తేలితే వాళ్లను తన గదిలోకి పిలిపించేవాడు. అరిచే మనిషి కాదు. "సిస్టర్ గారూ, మీరు పని చెయ్యలేదని నేననడం లేదండీ. రాయలేదంటున్నాను," అనేవాడు. కోస్తా మనిషి, మాట ముందు గారు, వెనక అండీ. అంత మర్యాదగా తిట్టించుకోవడం కంటే మా ఊరివాళ్ల చేత నాలుగు తిట్లు తినడం నయం.

ఆ దవాఖాన శంషాబాదులో, హైవే దిగి కొంచెం లోపలికి పోతే ఉండేది. నలభై పడకలు. పేరు చెప్పను. నేను తొండుపల్లి నుంచి రోజూ ఆటోలో పోయేదాన్ని. నర్సుగా మొత్తం పదహారేళ్లు చేశాను, చివరి తొమ్మిదేళ్లు అక్కడే. మా పొలం ఎయిర్‌పోర్టులోకి పోయినప్పుడు వచ్చిన పైసల్లో మా నాయన నా చదువుకని కొంత పక్కన పెట్టాడు. ఆ చదువుతో వచ్చిన రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌ను చాలా ఏళ్లు బీరువాలో, పట్టుచీర మడతలో దాచాను. ఈ కథలో పోతుందో ఉంటుందో అని నేను వణికింది ఆ ఒక్క కాగితం గురించే. జైలు గురించి కూడా భయపడ్డాను కానీ దాని తరువాతే.

మంచం దిగలేని రోగి ఉంటే ఆ మంచం కాళ్ల దగ్గర ఒక కాగితం వేలాడుతుంది. రెండు గంటలకోసారి రోగిని పక్కకు తిప్పాలి. తిప్పినట్టు గుర్తుగా గడిలో ఇంగ్లీషులో ఎడమ, వెల్లకిల, కుడి అని రాసి పొట్టి సంతకం గీయాలి. రోజుకు పన్నెండు గడులు. ఉదయం డ్యూటీకి నాలుగు: ఎనిమిది, పది, పన్నెండు, రెండు. చదవడానికి తేలికే. ఇద్దరు నర్సులం, ఒక ఆయమ్మ, ఇరవై మంది రోగులు అన్నప్పుడు అది ఎట్లా జరుగుతుందో ఎవరూ అడగలేదు. మేమూ అడగలేదు. మేము చేసిందేమిటంటే, పొద్దున చాయ్ తాగుతూ ఆ పూట గడులన్నీ ఒకేసారి నింపేయడం.

దానికి కూడా ఒక పనితనం ఉంది. అన్నీ ఒకే పెన్నుతో రాస్తే ఒకేసారి కూర్చుని రాసినట్టు తెలిసిపోతుంది. అందుకని నా జేబులో రెండు పెన్నులు ఉండేవి, నీలం ఒకటి, నలుపు ఒకటి. ఎనిమిది గంటలది నీలం, పది గంటలది నలుపు. పన్నెండు గంటలకు పని ఎక్కువ ఉంటుంది కదా, కాబట్టి ఆ గడిలో అక్షరం కొంచెం వంకరగా, తొందరలో రాసినట్టు. కొత్తగా వచ్చిన నర్సులకు ఇంజెక్షన్ ఇవ్వడం కంటే ముందు ఇది నేర్పేవాళ్లం. నా దస్తూరీ బాగుంటుందని అందరూ అనేవాళ్లు. అదొక గొప్పలాగ ఉండేది నాకు.

చెయ్యి అలవాటు పడ్డాక బుద్ధి అడ్డం రాదు. ఎడమ, వెల్లకిల, కుడి, ఎడమ. వెల్లకిల, కుడి, ఎడమ, వెల్లకిల. ఇరవై మందిలో ఎవరి కాగితమైనా అంతే.

ఆ ముసలామె రావిర్యాల వైపు పల్లె నుంచి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. బర్రెల కొట్టంలో కాలు జారి కుడి తుంటి విరిగింది. ఆపరేషన్ అయ్యాక మా వార్డుకు పంపారు. ఎనిమిది రోజులు ఉంది. ఆ ఎనిమిది రోజులూ నాది ఉదయం డ్యూటీయే. డాక్టరు ఆమె ఫైలులో మొదటి పేజీ మీదే రాశాడు: కుడివైపు తిప్పకూడదు, ఎడమ, వెల్లకిల మాత్రమే. నేను చదివాను. చదవలేదని తరువాత ఒకసారి అన్నాను కానీ చదివాను.

మొదటి రోజు నిజంగానే తిప్పాను. ఆయమ్మ నడుము పట్టుకుంటే నేను భుజం పట్టుకుని ఎడమకు ఒత్తిగిలించాను. ముసలామె పళ్లు కరుచుకుని, పక్కకు తిరగడం అయిపోయాక నెమ్మదిగా అంది, "లాభం."

నాకు నవ్వొచ్చింది. మా నాయన కల్లంలో వడ్లు కొలిచేటప్పుడు ఒకటి అనేవాడు కాదు. మొదటి కుంచం లాభం, తరువాత రెండు, మూడు. ఆ మాట విని చాలా ఏళ్లయింది.

"ఏందవ్వా, వడ్లు కొలుస్తున్నవా?" అన్నాను.

"లెక్కంటే లెక్కనే బిడ్డా. యాడ మొదలువెట్టినా లాభం అనాలె."

దిండు కింద ఆమెకొక సున్నపు డబ్బీ ఉండేది. వక్కాకు మాన్పించాం కానీ డబ్బీ మాత్రం ఇవ్వనంది. మరుసటి రోజో ఆ మరుసటి రోజో చూస్తే మంచం పక్క గోడ మీద సున్నపు గీతలు, వాటి మీద బొట్లు. లేత ఆకుపచ్చ రంగు వేసిన గోడ, తెల్లగా కనబడుతున్నాయి. గోడ మీద మరక ఉంటే కూడా మేనేజరు ఎర్ర సున్నా చుట్టే రకం. నాకు మండింది.

"అవ్వా, గోడంత ఖరాబ్ చేస్తున్నవేంది? ఎవరు తుడ్వాలె ఇది?"

"లెక్క బిడ్డా. పాలు పోసిన కాడ గిట్లనే పెడ్తుంటి."

"ఏం లెక్క?"

"నా లెక్క," అని గోడవైపు చూసింది.

ముసలివాళ్లకు ఏవో ఉంటాయి, రోజులు లెక్కబెట్టుకుంటుందేమో అనుకున్నాను. అడగలేదు. పక్క మంచం మీద సెలైన్ అయిపోయింది, అటు పోయాను.

ఆమె కొడుకు ఎయిర్‌పోర్టులో క్యాబ్ నడిపేవాడు. రెండు ట్రిప్పుల మధ్య ఖాళీ దొరికితే యూనిఫాంతోనే వచ్చి తల్లి పక్కన పది నిమిషాలు నిలబడి పోయేవాడు. పోయేముందు మంచానికి వేలాడే కాగితాన్ని ఫోన్లో ఫొటో తీసుకునేవాడు. ఎందుకని అడిగితే సిగ్గుపడ్డాడు.

"నాకు ఇంగ్లీషు రాదక్కా. మా బిడ్డ ఇంటర్ చదువుతుంది. దానికి పంపితే చదివి చెప్తది. నానమ్మను రెండు గంటలకోపాలి తిప్పుతున్నరు బాపూ, ఫికర్ చెయ్యకు అంటది."

ఆ మాట అని, చేతిలో ఉన్న సంచి నాకిచ్చాడు. సీతాఫలాలు. "మా చెట్టుయే. మంచిగ చూస్తున్నరు మా అమ్మను," అన్నాడు. నేను తీసుకున్నాను. ఇంటికి తెచ్చి, పండినవి పండినట్టు తిన్నాను కూడా. ఈ మొత్తం వ్యవహారంలో జైలు మాట, కోర్టు మాట తేలిగ్గానే చెప్పగలను, ఆ సీతాఫలాల మాట చెప్పడానికి మాత్రం ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తొమ్మిదో రోజు పొద్దున్నే డిశ్చార్జి. ఇంటికి తీసుకుపోవడానికి చీర మారుస్తుంటే కోడలు చూసింది. నడుము కింద ఎముక మీద అరచేతంత నల్లగా పుండు. వాసన వస్తోంది. ఆమె అరవలేదు, మొగుణ్ణి పిలిచి చూపించింది. అతను చూసి, మంచం కాళ్ల దగ్గరి కాగితం చూసి, మళ్లీ పుండు చూశాడు. కాగితం ప్రకారం ఆమెను తొంభై ఆరు సార్లు తిప్పాం. అప్పుడే ఫోన్ తీసి తల్లినీ, ఆమె వెనక గోడనూ కలిపి ఫొటో తీశాడు. గోడ అతని ఉద్దేశం కాదు, అందులో పడింది.

పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. రెండు నెలలు ఉంది, రెండుసార్లు కోశారు. బతికింది. మళ్లీ నడవలేదు.

కొడుకు మా దగ్గరికి వచ్చి ఫైలు నకలు అడిగాడు. అడిగితే మూడు రోజుల్లో ఇవ్వాలని రూలు. ఆ సాయంత్రం డ్యూటీ అయ్యాక మేనేజరు నన్ను గదిలోకి పిలిచాడు. ఏసీ వేసి, చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తెప్పించాడు. ఆ తొమ్మిదేళ్లలో ఆ గదిలో నాకు చాయ్ పోసింది అదే మొదలు.

"సిస్టర్ గారూ, చిన్న పొరపాటు జరిగిందండీ. డాక్టరు గారు కుడివైపు వద్దన్నారు, చార్టులో కుడి అని పడిపోయింది. మీ దస్తూరీ బాగుంటుంది కదా. ఫెయిర్ కాపీ ఒకటి రాసిపెట్టండి," అన్నాడు.

అప్పటిదాకా నేను ఆ సంగతి గమనించలేదు. ఎడమ, వెల్లకిల, కుడి. ఎనిమిది రోజుల కాగితాల్లో ముప్పై రెండు చోట్ల కుడి అని ఉంది. విరిగిన తుంటి మీద ముప్పై రెండుసార్లు పడుకోబెట్టామని మేమే రాసిపెట్టుకున్నాం. నిజంగా అట్లా చేసి ఉంటే ఆ ముసలామె అరుపు ఎయిర్‌పోర్టు దాకా వినిపించేది.

కొత్త కాగితాలు ముందు పెట్టుకుని కూర్చున్నాను. తొంభై ఆరు గడులు. ఎడమ, వెల్లకిల, ఎడమ, వెల్లకిల. నీలం పెన్ను, నలుపు పెన్ను. సాయంత్రం, రాత్రి డ్యూటీ నర్సుల పొట్టి సంతకాలు కూడా నేనే గీశాను. మా వార్డులో ఒకరి సంతకం ఒకరికి వచ్చు. మూడు గంటలు పట్టింది. చెయ్యి నొప్పి పుట్టింది, తప్పు చేస్తున్నానని మాత్రం అప్పుడు అనిపించలేదు. ఇది ఇప్పుడు రాయడం నాకే వింతగా ఉంది. పెద్దాయన చెప్పాడు, చిన్నది రాసింది, అంతే అనుకున్నాను. పాత కాగితాలు ఆయన తీసుకున్నాడు. తరువాత వాటిని ఎవరూ చూడలేదు.

నెల తిరక్కుండానే స్టేషన్ నుంచి పిలుపు వచ్చింది. ఎస్సై చిన్న వయసువాడు, కుర్చీ వేయించాడు. బల్ల మీద దవాఖాన ఇచ్చిన నకలు పెట్టి, పక్కన క్యాబ్ డ్రైవరు ఫోన్ పెట్టాడు. ఫోన్లో నాలుగో రోజు కాగితం ఫొటో. రెండింట్లోనూ నా దస్తూరీయే, అద్దంలా కనబడుతోంది.

"అక్కా, ఒక్క మాట చెప్పున్రి. కుడివైపు తిప్పిండ్రా, లేదా?"

నేను నకలు దగ్గరికి లాక్కుని చూశాను.

"తిప్పినమంటే డాక్టర్ వద్దన్న పని చేసినట్టు. తిప్పలేదంటే గా రాసింది అబద్ధం. ఇగ ఈ రెండో కాగితం ఎక్కడికెల్లి వచ్చింది?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. నాకు మూడో పక్క కూడా గొయ్యే ఉంది, దాన్ని నేనే కూర్చుని తవ్వుకున్నాను.

సాయంత్రం, రాత్రి డ్యూటీ నర్సులిద్దరూ ఆ సంతకాలు తమవి కావని రాసిచ్చారు. అది నిజమే. మేనేజరు ఫెయిర్ కాపీ అడిగిన మాట వాస్తవమేనని, మార్చమని మాత్రం చెప్పలేదని అన్నాడు. ఆయన చేతిరాత ఎక్కడా లేదు. తొమ్మిదేళ్లలో ఆయన రాయగా నేను చూసింది ఎర్ర సున్నాలే. నా మీద దొంగ రికార్డు తయారు చేసిన కేసు, నిర్లక్ష్యం కేసు రెండూ పెట్టారు, దొంగ రికార్డు కేసులో మేనేజరును కూడా చేర్చారు. బెయిలు దొరికింది, ఉద్యోగం పోయింది. రిజిస్ట్రేషన్ సంగతి తీర్పు వచ్చాక చూస్తామని నర్సింగ్ కౌన్సిల్ నుంచి ఉత్తరం వచ్చింది. బీరువా తెరిచి సర్టిఫికెట్ ఉందో లేదో చూసుకునేదాన్ని, ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు.

కేసు బెంచీ మీదికి రావడానికి రెండేళ్లు పట్టింది. మా వకీలు నెమ్మదస్తుడు, ఆశ పెట్టేవాడు. "చూడమ్మా, తిప్పలేదని చెప్పే సాక్షి ఆ ముసలామె ఒక్కతే. చదువు రాదు, వయసు మీద పడ్డది, నొప్పుల మీద ఉన్నది. ఆమె లెక్క నిలబడదని తేలితే నువ్వు పని చేసినట్టే. రాసిన కాడ పొరపాటు జరిగిందంటం, అంతే. నువ్వు నోరు తెరవకు, మిగతాది నేను చూసుకుంట."

నేను ఒప్పుకున్నాను. ఒప్పుకోవడమే కాదు, గోడ మీది బొట్ల సంగతి ఆయనకు నేనే చెప్పాను. రోజులు లెక్కబెట్టుకున్నదేమో, మందుబిళ్లలు లెక్కబెట్టుకున్నదేమో, అట్లా అడగండి అని సలహా కూడా ఇచ్చాను.

ఆ రోజు కొడుకు తల్లిని చక్రాల కుర్చీలో తీసుకొచ్చాడు. కోర్టు మెట్ల మీద కుర్చీ ఎక్కదు. ఇద్దరు పట్టి పైకి లేపారు. ఆమెను పక్కకు ఒరిగించి కూర్చోబెట్టి, కింద గాలి దిండు పెట్టారు. నేను బోనులో ఉన్నాను. నన్ను చూసి ఆనవాలు పట్టి తల ఊపింది, బజారులో తెలిసినవాళ్లు కనబడితే ఊపినట్టు.

ఫొటో పెద్దగా తీయించి అందరికీ చూపించారు. ఎనిమిది గీతలు. ఒక గీత మీద ఒక బొట్టు, అయిదింటి మీద రెండేసి. రెండు గీతల మీద ఏమీ లేదు.

మా వకీలు లేచాడు. "అమ్మా, నీకు చదువొచ్చా?"

"రాదు."

"మరి గడియారం చూడొస్తదా?"

"రాదు."

"ఈ బొట్లు మందుబిళ్లలు మింగినప్పుడు పెట్టినవి కావా?"

"మందులు పూటకు నాలుగిచ్చిరి. గవ్వి పెడ్తె గోడ చాలది," అంది. బల్లల దగ్గర ఎవరో నవ్వారు. "తిప్పినప్పుడే పెట్టిన. తిప్పని దినం గీత గీసి ఇడిసిపెట్టిన."

"ఎవరు తిప్పిండ్రో బొట్టు చెప్తదా?"

"బొట్టు చెప్పది. నాకెరుక."

"రెండేండ్లయింది కదమ్మా. నీ వయసుల ఎట్ల యాదికుంటది?"

"ఎనిమిది దినాలల్ల పదకొండు మాట్లు తిప్పిండ్రు సారూ. గన్ని తక్కువైతే యాదికుండదా?"

మా వకీలు కాగితాలు సర్దుకుని నావైపు చెయ్యి చూపించాడు. "ఈమె ఎన్నిమాట్లు తిప్పింది? ముప్పై రెండు మాట్లు తిప్పినట్టు రాసున్నది."

ముసలామె నావైపు చూసింది. కోపంగా చూస్తుందనుకున్నాను. ఆమె పెదవులు కదులుతున్నాయి, లెక్క చూసుకుంటోంది. మొదటిది లాభం అనే ఉంటుంది, నాకు వినపడలేదు.

"ఈ బిడ్డ మూడు మాట్లు తిప్పింది," అంది. "పదకొండిట్ల మూడు ఈమెవి. అబద్ధం ఎందుకు చెప్పాలె."

"అంతేనా?"

"అంతే." మళ్లీ తనే అంది, "మూడో మాటు తిప్పినప్పుడు తువ్వాల తడిపి వీపు తుడిచింది. చెమట పడ్తుండె నాకు. అడగకుంటనే తుడిచింది. అది గుడ రాసుకోన్రి."

జడ్జిగారు తల ఎత్తి ఆమెను చూసి, పక్కన టైపు చేసే ఆమెకు ఆ మాట ఇంగ్లీషులో చెప్పారు. కీబోర్డు చప్పుడు వినబడింది. నేను ఆ వీపు తుడిచిన సంగతి మరిచిపోయాను. ఎంత గుర్తు చేసుకున్నా రావడం లేదు. మా కాగితంలో దానికి గడి లేదు.

కొడుకు అక్కడే గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తల్లి మాట విని నేల చూపు చూశాడు. నాకు ఏడుపొచ్చింది. బోనులో ఏడిస్తే నాటకమనుకుంటారని కొంగుతో మొహం తుడుచుకున్నాను.

వాయిదా పడింది. బయట వరండాలో మా వకీలు, "ఏం పర్వాలేదు, ముసలామె ప్రేమగనే చెప్పింది, దాన్నే పట్టుకుందం. ఇంకా నోరు తెరవకు," అన్నాడు. సరేనన్నాను. ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం తిన్నాను, పడుకున్నాను, మామూలుగానే ఉన్నాను. మూడో రోజు సర్టిఫికెట్ తీసి ఒకసారి చదివాను. పేరు, నంబరు, ముద్ర. ఇది ఉంచుకోవడానికి ఆమెకు లెక్క రాదని చెప్పించాలి. మా నాయన గుర్తొచ్చాడు. కల్లంలో కొలత చూస్తున్నప్పుడు ఎవరైనా మాట్లాడిస్తే జవాబు చెప్పేవాడు కాదు, లెక్క తప్పుతుందని.

తరువాతి వాయిదాలో జడ్జిగారు నన్ను అడిగారు, సాక్షులు చెప్పిన దాని మీద నేను చెప్పుకునేది ఏమైనా ఉందా అని. మా వకీలు తల అడ్డంగా ఊపుతున్నాడు.

"అవ్వ చెప్పింది నిజమే సార్. మూడే మాట్లు," అన్నాను.

"మిగతా ఇరవై తొమ్మిది?"

"రాసినవి సార్. చాయ్ తాగుకుంట రాసిన. రెండో కాగితాలు కూడ మొత్తం నేనే రాసిన. మేనేజర్ సారు ముంగట కూసొని రాసిన, కానీ రాసిన చెయ్యి నాదే."

మా వకీలు కూర్చున్నాడు. తరువాత ఆయన నాతో చాలా రోజులు మాట్లాడలేదు. ఆరు నెలల శిక్ష పడింది, జరిమానా పడింది. మేనేజరును రుజువు చాలదని వదిలేశారు. నేను అప్పీలుకు పోలేదు. లోపల ఉన్న ఆరు నెలల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. అక్కడ కూడా పొద్దునా సాయంత్రం తలలు లెక్కపెట్టి రాసుకుంటారు, లెక్కపెట్టాకే రాస్తారు. బయటికి వచ్చేసరికి కౌన్సిల్ నుంచి ఉత్తరం వచ్చి ఉంది. సర్టిఫికెట్ పోస్టులో పంపించేశాను.

తీర్పు నకలు నాకొకటి ఇచ్చారు. పద్నాలుగు పేజీలు, ఇంగ్లీషు. తొమ్మిదో పేజీలో ఆ ముసలామె సాక్ష్యం ఉంది. నిందితురాలు తనను మూడుసార్లు తిప్పిందని, ఒకసారి అడగకుండానే తడి తువ్వాలతో వీపు తుడిచిందని సాక్షి చెప్పింది, అని రాసి ఉంది. పదహారేళ్లలో వేల కాగితాల మీద సంతకాలు గీశాను. నేను చేసిన పనిని చేసినంతే రాసిన కాగితం నా దగ్గర ఇదొక్కటే ఉంది. బీరువాలో, పట్టుచీర మడతలో పెట్టాను.